వెనక్కి తిరిగే ఫ్యాను

"వంట తర్వాత చూసుకుందురు గానీ, ముందు ఇది చూడండి తేనూ," అంటూ మా ఆయన దండపాణి నేను తరుగుతున్న బీన్స్ పళ్ళెం పక్కకి జరిపి, అక్కడ బోర్డు పెట్టారు. మా కోయంబత్తూరులో పెళ్ళాన్ని కూడా "అండీ" అనే పిలుస్తారు. మర్యాదకేం లోటు లేదు. ఇన్నేళ్ళూ మర్యాదగానే నా చేత చాకిరీ చేయించుకున్నారు.

అరచెయ్యంత బోర్డు. దాన్నుంచి మూడు తీగలు ఫ్యాను మోటారుకి, ఇంకోటి లాప్‌టాప్‌కి. ఎంత కరెంటు ఇవ్వాలి, ఎంత నెమ్మదిగా మొదలవ్వాలి అని సాఫ్ట్‌వేర్‌లో గడులు నింపితే, బోర్డు ఆ ప్రకారం మోటారుని తిప్పుతుంది. రేపు కంపెనీ ఓనరు నాచిముత్తు గారి ముందు తిప్పి చూపించాలి. ఇదేమో స్విచ్చి వెయ్యగానే పావు చుట్టు వెనక్కి తిరిగి, ఒక్క కుదుపు కుదిపి, అప్పుడు ముందుకి పోతోంది. అలాంటి ఫ్యాను ఎవడు కొంటాడు?

ఆయన చేసిందల్లా కరెంటు పెంచుకుంటూ పోవడమే. చిప్పు వేడెక్కి తనంతట తానే ఆగిపోయేది. మొరాయించినదాన్ని గట్టిగా తొయ్యడం తప్ప ఇంకేం తెలియదు ఈ మనిషికి. పెళ్ళికి ముందు ఆ కంపెనీ ల్యాబులోనే నా కింద పని నేర్చుకున్నారు, అప్పుడూ ఇంతే. పాప పుట్టినప్పుడు "ఒక్క ఏడాది ఇంట్లో ఉండండి చాలు" అన్నారు. పాప ఇప్పుడు మూడో క్లాసు. నేను వదిలిన సీటు మళ్ళీ ఖాళీ అయిందని తెలిసి మొన్న అడిగాను, సిగ్గు విడిచి అడిగాను. "సార్ చెవిన వేస్తానండీ, మీకన్నా ఎవరున్నారు?" అన్నారు. ఆ మాట పట్టుకుని పిచ్చిదానిలా పాత చీరలు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

"ఏమ్మా, ఆదివారం పూట కూడా అన్నం వేళకి దొరకదా?" హాల్లోంచి అత్తమ్మ. "మగవాడి పనిలో వేలు పెడితే ఇంతే, పొయ్యి మీద పప్పు నీ కోసం కాచుకుని ఉంటుందా!"

లేచి స్టవ్ ఆర్పేసి వచ్చి కూర్చున్నాను. కరెంటు తగ్గించాను. తిప్పబోయే ముందు మోటారు లోపల తిరిగే రోటరు ఎక్కడ ఆగి ఉందో వెతికి చూసే పద్ధతి ఎంచుకున్నాను. వేగం అందుకునే గడిలో అంకె సగం చేశాను. స్విచ్చి వేస్తే ఫ్యాను వెనక్కి పోలేదు, కుదపలేదు, హాయిగా తిరిగింది. అబ్బ, ఎంత సంతోషం వేసిందో! లాప్‌టాప్‌ని ముద్దు పెట్టుకుందామనిపించింది.

అప్పుడే నాచిముత్తు గారి ఫోను. మా ఆయన స్పీకర్లో పెట్టారు.

"దండపాణీ, ఆ ఖాళీకి ఎవరైనా దొరికారా? మీకు తెలిసినవాళ్ళుంటే రేపే పిలుద్దాం."

నేను ఆశగా మా ఆయన వైపు తిరిగాను. ఆయన నా వంక చూడలేదు.

"ఈ పని వచ్చినవాళ్ళు ఎవరూ లేరు సార్. నేనే చూసుకుంటాను. ఇదిగో, పొద్దుట్నించీ కూర్చుని బాగుచేశాను, వినండి," అని ఫోను ఫ్యాను దగ్గర పెట్టారు.

నా పక్కనే నిలబడి అన్నారు. నా చెయ్యి ఇంకా మౌసు మీదే ఉంది. ఒళ్ళంతా మండిపోయింది.

ఆ అంకెలు బోర్డుకి కరెంటు ఉన్నంతసేపే ఉంటాయి. చివర్లో ఒక బటన్ నొక్కి మెమరీలో రాయిస్తేనే నిలుస్తాయి. నేనింకా రాయించలేదు. ఆ బటన్ ఒకటుందని ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు. దాని మీదకి బాణం పోనిచ్చాను. నొక్కితే రేపు చప్పట్లు. ఎల్లుండి ఇంకో బోర్డు, మళ్ళీ ఈ వంటింటి బల్లే.

ఫోను పెట్టేశారు. నేను సాఫ్ట్‌వేర్ మూసేసి, గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను. ఫ్యాను నెమ్మదిగా ఆగిపోయింది.

"ఏం చేశావే! అంకెలన్నీ పోయాయా? పెట్టు, మళ్ళీ పెట్టు!"

"పెడతానండీ," అన్నాను. "రేపు, నాచిముత్తు గారి ముందు."