కునుకంత దూరం

"చొక్కాలు నీలా మడతపెట్టేవాళ్లు హోటళ్లలో కూడా లేరోయ్," అన్నాడు ఆయనగారు, కాలు మీద కాలు వేసుకుని. పెళ్లయినప్పటి నుంచీ ఇస్తున్న బిరుదే ఇది. ఆవిడ పెట్టె సర్దుతూనే ఉంది. సాక్సులు, మాత్రలు, ఛార్జరు, ఆయన మరిచిపోయి ఆవిడ మీద విసుక్కునే సమస్తమూ. నెలకోసారి కంపెనీ పని మీద సముద్రం అవతలి ఊరికి ఎగరడమే తప్ప, ఆ మహానుభావుడు ఇంట్లో తను తాగిన గ్లాసు కూడా తీసి ఎరగడు.

ఆయన విమానంలో ఉన్నంతసేపూ ఇంట్లో అదో తంతు. అత్తగారు ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి, తెర మీద పాకే బుల్లి విమానాన్ని చూస్తూ కూర్చుంటారు. ఆ డబ్బా కదిలిస్తే విమానం కూలిపోతుందన్నట్టు, టీలోకి చెంచాడు పంచదార కావాలన్నా కోడలు ఆగాల్సిందే. "ఎనిమిది వేల కిలోమీటర్లమ్మా! మగాడు కాబట్టి తట్టుకుంటున్నాడు," అంటారు. తట్టుకోవడమట! సీటు వెనక్కి వాల్చి, ఎవరో తెచ్చిపెట్టింది తిని పడుకోవడమేగా. ఆయనే చెబుతాడు, "దూరమేముంది, ఓ కునుకు తీస్తే వచ్చేస్తుంది" అని.

ఆవిడకీ ఓ ఉద్యోగం ఉంది. కళ్లద్దాల కంపెనీలో అద్దాలు అరగదీసే విభాగమంతా ఆవిడ చేతుల మీదే నడుస్తోంది. ఇంట్లో మాత్రం దాని పేరు కాలక్షేపం. కిందటి వారం ఆ కంపెనీవాళ్లు, ఆయన వెళ్లే ఊళ్లోనే కొత్త శాఖ పెడుతున్నామనీ, రెండేళ్లు వెళ్లి దాన్ని నిలబెట్టమనీ ఆవిడని అడిగారు. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంట్లో చెప్పగానే ఆయన పకపకా నవ్వాడు.

"అంత దూరమా? పిచ్చా నీకు? భూమికి ఆ చివర!"

"మీరు వెళ్లే ఊరేనండీ."

"నేను వెళ్లడం వేరు."

"ఇల్లేమైపోతుందమ్మా?" అన్నారు అత్తగారు, ఇంటికి కాళ్లొచ్చి పారిపోతుందన్నట్టు.

ఔరా! అదే విమానం, అదే సముద్రం. ఆయన ఎక్కితే కునుకంత, తను ఎక్కితే భూమికి ఆ చివర! ఇన్నాళ్లూ ఈ మనిషి తెలివికా తను జడిసింది? ఆవిడకి కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. కంపెనీకి జవాబు చెప్పడానికి, ఆయన ప్రయాణమైన ఇవాళే ఆఖరు.

ఆయన బయల్దేరాక ఆఫీసుకి వెళ్లి పనిలో పడిందో లేదో, మేనేజరు నసుగుతూ వచ్చాడు.

"మీవారు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశారు మేడమ్. మీకు కుదరదట కదా. మొహమాటానికి మీరు చెప్పలేకపోతున్నారని..."

బడి ఎగ్గొట్టిన పిల్లకి చీటీ రాసిచ్చినట్టు! నలభై దాటిన మనిషికి, తన కింద పాతికమంది పనిచేసే చోట! ఆవిడ చెవులు భగ్గుమన్నాయి. చేతులకంటిన అద్దాల పొడి తాపీగా తుడుచుకుంది.

"మొహమాటమేం లేదండీ. నేను వెళ్తున్నాను. కాగితాలివ్వండి, సంతకం పెడతాను."

మేనేజరు కంగారుపడ్డాడు. "మరి పాపం, మీవారికి కష్టమేమో?"

"ఆయనకి ఆ ఊరు కొత్త కాదు," అంది ఆవిడ. "కొత్తదల్లా ఇల్లే. నెమ్మదిగా అలవాటు పడతారు లెండి."