ఐదు నిండలేదు

కారు ఆపీ ఆపగానే మృదుల సీటు వెనక్కి వాల్చేసింది. రాత్రంతా హామిల్టన్‌లో ఆసుపత్రి డ్యూటీ. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరి, రెండు గంటలు పడుకుని లేచి, మళ్లీ గంటకు పైగా హైవే మీద డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. సాయంత్రం ఏడింటికి మళ్లీ డ్యూటీ ఎక్కాలి.

"మూడింటికల్లా వచ్చెయ్యండమ్మా. నేను కాసేపు కళ్లు మూసుకుంటా. మరీ అవసరమైతేనే ఫోన్ చెయ్యి."

"మాకేం అవసరం పడుద్ది? నువ్వు పడుకో," అంది ఝాన్సీలక్ష్మి. తన శాలువా తీసి కూతురి మీద కప్పింది. కప్పేలోపే మృదుల నిద్రపోయింది.

అల్లుడు తారక్ కాల్గరీలో ఉద్యోగం చేస్తూ రెండు నెలలకోసారి వచ్చి పోతుంటాడు. ఇక్కడ మృదులకూ పిల్లకూ సాయంగా ఝాన్సీలక్ష్మి ఏప్రిల్‌లో దేశం దాటి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మృదుల పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కానివ్వకుండా వండటం, పిల్లను చప్పుడు చెయ్యనివ్వకుండా ఆడించటం, ఇదే ఆవిడ పని. ఈ రోజు కూడా తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టింది. ఆ డబ్బాలున్న సంచి ఇప్పుడు భుజాన్ని కిందికి లాగుతోంది. మోకాళ్లు అప్పుడే సలపడం మొదలుపెట్టాయి.

మనవరాలు ధరణికి మాత్రం ఏ అలుపూ లేదు. ముందు నడుస్తూ, ఆగి వెనక్కి చూస్తూ, "కమాన్ అమ్మమ్మా," అంటోంది.

వాళ్లొచ్చిన అమ్యూజ్‌మెంట్ పార్కుకు అది ఆ ఏడాదికి ఆఖరి రోజు. చలికాలమంతా మూసేస్తే మళ్లీ తెరిచేది మే నెలలోనే. ఎనిమిదేళ్ల పిల్లకు వచ్చే మే అంటే వచ్చే జన్మ కింద లెక్క. ధరణి ఎక్కాలనుకుంటున్నది స్నో ఔల్ అనే పెద్ద రోలర్ కోస్టర్. దాని గుమ్మం దగ్గర చెక్కతో చేసిన గుడ్లగూబ ఒకటి రెక్క చాపుకుని ఉంటుంది. ఆ రెక్కకు తల తగలకపోతే లోపలికి రానివ్వరు. మే నెలలో వచ్చినప్పుడు రెండు వేళ్లు తక్కువైంది. జూలైలో ఒక్క వేలు. మర్నాటి నుంచి అడక్కుండానే పాలు తాగింది, గుడ్డు తింది. ప్రతి ఆదివారం ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడి, "గీత పెట్టు అమ్మమ్మా," అనేది. ఝాన్సీలక్ష్మి గీత పెట్టేది. గీతలు పైకి పోతూ పోతూ పోయిన వారం అనుకున్న ఎత్తు దాటాయి.

ఇవాళ గుడ్లగూబ రెక్క ధరణి నెత్తికి తగిలింది. అక్కడున్నతను నవ్వి, చేతికి పచ్చ కాగితం పట్టీ చుట్టాడు. ధరణి ఆ చేతిని గుండెకు ఆనించుకుని నడిచింది.

అయితే లోపల వరస చూస్తే పాములా మెలికలు తిరిగి ఉంది. పైన బోర్డు మీద నూట ముప్పై నిమిషాలు అని వెలుగుతోంది. అప్పటికే ఒంటి గంట దాటింది.

"ఇది మన వల్ల అయ్యే పని కాదు తల్లీ. మీ అమ్మ డ్యూటీకి పోవాలి."

"నో, నో. సింగిల్ రైడర్ లైన్ ఉంది. క్లాస్‌లో ఒకమ్మాయి చెప్పింది." ధరణి పక్కనున్న చిన్న దారిని చూపించింది. "సీట్లు రెండేసి ఉంటాయి కదా. ముగ్గురొస్తే ఒక సీటు ఖాళీ. అందులో ఒక్కళ్లను కూర్చోబెడతారు. ఇట్స్ సో ఫాస్ట్. కానీ నువ్వూ నేనూ కలిసి కూర్చోవటం కుదరదు."

"మరి నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఐ డోంట్ నో. ఎవరో."

ఎవరో. ఝాన్సీలక్ష్మికి ఆ మాట రుచించలేదు. బస్సులో కిటికీ పక్కన పిల్లను కూర్చోబెట్టి, ఇవతల తాను అడ్డం కూర్చోవటమే గానీ, ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన వదలటం ఆవిడ ఎరగదు. కానీ పిల్ల ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. సరే, గేటు దాకా నేనూ వస్తా, నువ్వెక్కాక నేను అవతలి దారిన బయటికి పోతా అని ఒప్పందం చేసుకుని ఇద్దరూ ఆ వరసలో నిలబడ్డారు.

చిన్న వరస చకచకా కదిలింది. ఇనప మెట్లు ఎక్కుతుంటే గాలి చల్లగా కోసింది. నెత్తి మీద నుంచి బండి దడదడలాడుతూ పోయినప్పుడల్లా ధరణి అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేది. పావుగంటలో గేటు ముందుకు వచ్చేశారు.

గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఖాకీ ప్యాంటు, నడుముకు అడ్డంగా చిన్న తోలు సంచి. చేతిలో మనుషుల్ని లెక్కపెట్టే చిన్న మిషను. మనిషి ముందుకు వచ్చినప్పుడల్లా దాన్ని నొక్కుతోంది. టిక్కు. టిక్కు. ఆ చప్పుడు వింటుంటే ఝాన్సీలక్ష్మి వీపు దానంతటదే వంగింది. చెయ్యి పిల్ల భుజం మీద పడి, పిల్లను తన వైపుకు అదుముకుంది.

ఆ అమ్మాయి ధరణిని చూసి, తరువాత ఈవిడను చూసి, నవ్వుతూ అడిగింది.

"హౌ ఓల్డ్ ఈజ్ షీ?"

"ఫోర్," అంది ఝాన్సీలక్ష్మి. ఊపిరి కూడా తీసుకోకుండా, "ఫైవ్ నాట్ ఫినిష్," అని కలిపింది.

నోరు జారిందని తెలిసేసరికే మాట అవతలి చెవిన పడింది.

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. నాలుగేళ్లకు ఇంత ఎత్తా అన్నట్టు పిల్లను ఎగాదిగా చూసింది. తరువాత మర్యాదగానే చెప్పింది. ఈ వరసలో వచ్చే పిల్లలకు ఏడేళ్లు నిండాలట. అంతకంటే చిన్నవాళ్లు పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని మామూలు వరసలో రావాలట.

"ఐ యామ్ ఎయిట్," అంది ధరణి. "నేను గ్రేడ్ త్రీ."

పిల్లలందరూ అలాగే అంటారు బంగారం, మీ అమ్మమ్మ చెప్పిందే నేను వినాలి అంది ఆ అమ్మాయి. తాడు తీసి వాళ్లిద్దరినీ ఓ పక్కకు జరిపి, వెనకవాళ్లను పంపించింది. టిక్కు.

ధరణి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. చేతికున్న పచ్చ పట్టీని చూసుకుంటూ, తెలుగులోనే అడిగింది.

"నన్నెందుకు చిన్నదాన్ని చేశావ్ అమ్మమ్మా?"

ఏమని చెప్పాలి? మొగుడు పోయేనాటికి మృదులకు మూడేళ్లు. చిలకలూరిపేట నుంచి గుంటూరుకు రోజూ బస్సు. అక్కడ కోల్డు స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. పిల్లను వదిలే దిక్కు లేక వెంటబెట్టుకుని పోయేది. ఐదేళ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు. కండక్టరు సంచి సవరించుకుంటూ, టిక్కెట్లు కొట్టే మిషను టిక్కుటిక్కుమనిపిస్తూ వచ్చేసరికి, "కాళ్లు ముడుచుకో, తల నా మీద పెట్టు, నిద్రపో," అనేది. మృదుల అలాగే చేసేది. ఐదు నిండింది, ఆరు నిండింది, ఎనిమిది కూడా నిండింది. బస్సులో మాత్రం మృదులకు నాలుగేళ్లే. ఆఖరికి ఒక ముసలి కండక్టరు, ఒళ్లోంచి బయటికి వేలాడుతున్న కాళ్లు చూసి, "ఏమ్మా, ఈ పిల్ల నాలుగేళ్ల నుంచీ నాలుగేళ్ల పిల్లేనా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ రోజు అర టిక్కెట్టు కొట్టించింది. మర్నాటి నుంచి మృదుల ఒళ్లో కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని గుంటూరు దాకా నిలబడేది.

ఆ పిల్లనేమో ముడుచుకో ముడుచుకో అని పెంచింది. ఈ పిల్ల ఎదగాలని వేసవంతా ఫ్రిజ్ మీద గీతలు పెట్టింది. పెట్టిన చెయ్యీ తనదే, చెరిపేసిన నోరూ తనదే.

గేటు అమ్మాయి దగ్గరికి మళ్లీ వెళ్లింది. "ఐ టెల్ లై," అంది. "షీ ఎయిట్. ఐ లై. సారీ."

ఆ అమ్మాయికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. పై అధికారిని పిలిచింది. నెరిసిన గడ్డంతో ఒకాయన వచ్చి విన్నాడు. పార్కు పాసు చూపించమన్నాడు. దాని మీద ఫొటో, పేరు తప్ప పుట్టినరోజు లేదు. అమ్మో నాన్నో ఎవరైనా ఉన్నారా, వాళ్లు చెబితే చాలు అన్నాడు.

ఝాన్సీలక్ష్మి ఫోను చేతిలోకి తీసుకుంది. తీసుకుని అలాగే నిలబడింది. మృదుల నిన్నటి నుంచి పడుకున్నది మూడు గంటలు. ఈ ఒక్క నిద్ర కోసమే తాను సముద్రాలు దాటి వచ్చింది. పక్కనేమో ధరణి, పాదాలు రెండూ మునివేళ్ల మీద ఎత్తి నిలబడి ఉంది. ఎవరూ కొలవటం లేదు. అయినా ఎత్తి నిలబడింది.

నొక్కింది. మొదటి రింగుకే మృదుల గొంతు ఉలిక్కిపడి పలికింది. "ఏమైందమ్మా? పడిందా?"

"ఏం పడలేదు, కంగారు పడమాక. ధరణి వయసు చెప్పాలంట."

"చెప్పు మరి."

"చెప్పాను."

"ఎంతని చెప్పావ్?"

"... నాలుగు."

ఫోను కట్టయిందేమోనని ఝాన్సీలక్ష్మి చెవి నుంచి తీసి చూసుకుంది.

"కనీసం ఆరన్నా చెప్పాల్సింది," అంది మృదుల. "ఫోను వాళ్లకియ్యి."

గడ్డమాయన ఫోను తీసుకుని పక్కకు తిరిగి మాట్లాడాడు. తల ఊపాడు. ఒకసారి ఝాన్సీలక్ష్మి వైపు చూశాడు. ఫోను తిరిగిచ్చి, గేటు అమ్మాయితో ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి తాడు తీసింది.

"అమ్మ ఏం చెప్పిందంట?" అని మనవరాలిని అడిగింది ఝాన్సీలక్ష్మి.

"నీకు బస్సు గుర్తొచ్చిందని చెప్పిందంట. వాట్ బస్?"

"పోయి ఎక్కు. తరువాత చెప్తా."

నాలుగో వరసలో ఒక సీటు ఖాళీగా ఉంది. పక్కన ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. ధరణి కోటు విప్పి అమ్మమ్మకిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లి కూర్చుంది. కడ్డీ కిందికి దిగింది. ఎర్ర టోపీ ఆమె ఏదో అడిగింది. ధరణి ఎనిమిది వేళ్లు చూపించింది. బండి కదిలింది.

ఝాన్సీలక్ష్మి అవతలి మెట్లు ఒక్కొక్కటే దిగి, కిందున్న బెంచీ మీద కూలబడింది. కోటు ఒళ్లో పెట్టుకుంది. అందులో పిల్ల వెచ్చదనం ఇంకా ఉంది.

ధరణి జుట్టంతా రేగిపోయి, కళ్ల నీళ్లు చెంపల మీద ఆరిపోయి వచ్చింది. చెప్పాల్సింది ఎంతో ఉన్నట్టుంది గానీ, "ఎగైన్?" అన్న ఒక్క మాటే వచ్చింది. రెండు దాటి పది నిమిషాలయింది.

"ఈసారి నేను మెట్లెక్కలేను తల్లీ."

"ఇట్స్ ఓకే. నేనే చెప్తా," అని పరిగెత్తింది. కింది నుంచి చూస్తే వరస పైన ఆ నల్ల తల కనిపిస్తూనే ఉంది. గేటు అమ్మాయి ఏమీ అడక్కుండానే తాడు తియ్యటం కూడా కనిపించింది.

అప్పుడు శాలువా భుజాల మీద కప్పుకుని, పార్కింగు వైపు నుంచి మృదుల నడిచి వచ్చింది. వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"లేచొచ్చావా? నిద్ర చెడగొట్టాను."

"మళ్లీ పట్టలేదు. ఎక్కిందా?"

"ఇది రెండోసారి."

"నాలుగేళ్లంటే నమ్మారా అసలు?"

"నమ్మారే. మన కండక్టర్లకంటే అమాయకులు." ఝాన్సీలక్ష్మి పులిహోర డబ్బా మూత తీసి కూతురి చేతిలో పెట్టింది. "ఆ సంచీ, ఆ టిక్కు టిక్కూ... నోరు దానంతటదే అనేసింది. బుద్ధి లేని నోరు."

మృదుల రెండు ముద్దలు తిని డబ్బా మూసేసింది. పైన బండి గడగడమంటూ ఎత్తుకు ఎక్కుతోంది.

"బస్సులో నేను నిద్ర నటించేదాన్నని అనుకునేదానివి కదూ?" అంది.

"నేనే కదా నటించమన్నది."

"లేదమ్మా. నిజంగానే పడుకునేదాన్ని. ఆ మిరపకాయల ఘాటు నీ చీర నిండా ఉండేది. తుమ్ముకుంటూ పడుకునేదాన్ని. అంత నిద్ర మళ్లీ ఎక్కడా పట్టలేదు."

ఝాన్సీలక్ష్మి ధరణి కోటు పక్కన పెట్టి, ఒళ్లో చోటు చేసింది. మృదుల అటూ ఇటూ చూసి, సిగ్గుపడే ఓపిక కూడా లేనట్టు, తల వాల్చేసింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు రెండూ పొట్టలోకి ముడుచుకుంది.

"కాళ్లు చాపుకోవే," అంది ఝాన్సీలక్ష్మి. "ఇక్కడెవరూ అడగరు."

కాళ్లు మెల్లగా చాపుకుంది. పాదాలు బెంచీ దాటి బయటికి వేలాడాయి. పైన బండి ఒక్కసారిగా కిందికి దూకింది. అరుపుల్లో ధరణి అరుపు ఏదో తెలియలేదు. మూడు కావటానికి ఇంకా అరగంట పైనే ఉంది. మోకాలు పీకుతున్నా ఝాన్సీలక్ష్మి కదలకుండా కూర్చుంది.