డెమో మేడం

ఉమ్మేయాలనుకున్నవాళ్లు ఇప్పుడే ఉమ్మేయండి. నేనేం శుద్ధపూసను కాను. కానీ జగిత్యాలలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

నా పేరు కల్పన. మాది కోరుట్ల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, అక్కడే ఒక స్కూల్లో ఆరేళ్లు సైన్సు చెప్పాను. సైన్సు ఒక్కటే అయితే బాగుండేది. ఎండాకాలం ఇల్లిల్లూ తిరిగి, మీ పిల్లల్ని మా స్కూల్లో వేయండని బతిమాలాలి. యాన్యువల్ డేకి డాన్సులు నేర్పాలి. బస్సులో పిల్లలు కక్కితే కడగాలి. లెక్చరర్‌నైతే ఈ పీడ విరగడవుతుందనుకున్నాను. అందుకే జగిత్యాల కాలేజీ నుంచి డెమోకు రమ్మని ఫోన్ రాగానే ఎగిరి గంతేశాను. డెమో అంటే ఉద్యోగం ఇచ్చే ముందు, మనం ఎలా చెబుతామో చూడటానికి చెప్పించుకునే పాఠం.

ప్రిన్సిపాల్ ప్రకాశ్ చివరి బెంచీలో కూర్చుని నా పాఠమంతసేపూ ఫోన్ చూసుకున్నాడు. అయ్యాక లేచి చప్పట్లు కొట్టాడు.

"సూపర్ మేడం! మీరు ఫైనలే అనుకోండ్రి. చైర్మన్ సార్ ఊళ్లె లేడు. ఆయన అచ్చేదాంక రోజొక క్లాసు చెప్పుండ్రి. సార్ గూడ ఒక్కసారి చూస్తే అయిపాయె."

ఆ 'అనుకోండ్రి'ని నేను ఆర్డరు కాగితమే అనుకున్నాను. మర్నాడే స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. నా అంత తెలివితక్కువది జిల్లాలో ఉండదు. మా అత్తమ్మ లక్ష్మవ్వ ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివింది. "మా కోడలు కాలేజిల లెక్చరర్ అయింది. ఇగ నేను బీడీలు చుట్టుడు బంద్. నా నడుము సల్లగుంటది" అని వాడకట్టంతా చాటి, తన బీడీల చాటను పక్కింటి రాజక్కకు ఇచ్చేసింది.

ఎనిమిది రోజులు కోరుట్ల నుంచి బస్సులో నిలబడి వెళ్లొచ్చాను. చైర్మన్ రాలేదు. తొమ్మిదో రోజు పాఠం ముగిస్తుంటే సానియా అనే అమ్మాయి లేచింది.

"మేడం, మీ పేరేంది? రాసుకుంట."

"పేరెందుకు బిడ్డా?"

నోట్‌బుక్ తెచ్చి చూపించింది. ప్రతి చాప్టర్ మీదా ఒక పేరు ఉంది. మొదటిది హన్మంతు సార్, సిరిసిల్ల. రెండోది నవ్య మేడం, మెట్‌పల్లి. అలా నాకంటే ముందు ఏడుగురు.

"ఒకళ్లు పోంగనే ఇంకొకళ్లు అస్తరు మేడం. డౌట్ అస్తే ఎవర్ని అడగాల్నో తెల్వదు. గందుకే పేర్లు రాసుకుంటున్న."

"మరి మీ అసలు కెమిస్ట్రీ సార్ ఎవరు?"

"ఎవరు లేరు మేడం. జూన్ నుంచి డెమోలే." వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారు. నన్ను చూసి మొదటి రోజు నుంచీ అలా ఎందుకు నవ్వుతున్నారో అప్పుడర్థమైంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను.

"సిగ్గు శరం ఉన్నదా సార్ మీకు? ఉద్యోగం ఆశ చూపెట్టి, జీతం లేకుంట మంది నెత్తి మీద సిలబస్ నడుపుతున్నరా?"

అతను చాయ్ తాగడం ఆపలేదు.

"కూసోండ్రి మేడం. గింత గరమైతే ఎట్ల? నేను గూడ డెమోకే అచ్చినోన్ని. ఇరవై రోజులు ఉత్తగనే చెప్పిన, మీ లెక్కనే లొల్లి చేసిన. గప్పుడు నన్ను ఈ కుర్సీల కూసోబెట్టిండ్రు." కప్పు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "నిజంగనే ఒక పోస్టున్నది. డెమోలకు పిలిచే పని. నేను ఫోన్ చేస్తే ఆడపిల్లలు భయపడుతున్నరు. మీ అసొంటి మేడం మాట్లాడితే నమ్ముతరు. ఒప్పుకుంటే ఆర్డర్ ఇప్పుడే రాసిస్త."

"థూ, మీ బతుకు చెడ!" అనేసి బయటకు వచ్చేశాను. గేటు దాకా వెళ్లాను కూడా. స్కూల్లో నా క్లాసుకు అప్పటికే వేరే టీచర్ వచ్చింది. ఇంట్లో మా అత్తమ్మ వారం రోజుల నుంచి నడుం వాల్చి, ఏళ్ల తర్వాత పగటి పూట నిద్రపోతోంది. ఆమెను లేపి, రాజక్క దగ్గర్నుంచి చాట వెనక్కి తెచ్చుకో అని నేను చెప్పాలి.

తిరిగి మెట్లెక్కాను. ప్రకాశ్ కాగితం నా ముందుకు జరిపాడు. ఎవరూ నా చెయ్యి పట్టి సంతకం పెట్టించలేదు.

మర్నాడు నాకొక కుర్చీ, ఫోన్, పేర్ల పట్టీ ఇచ్చారు. పట్టీలో మొదటి పేరు శ్రీలత, ఊరు మల్లాపూర్. నంబరు కలిపి, కాలేజీ నుంచి అని చెప్పాను.

"ఒక్క నిమిషం మేడం, లైన్ల ఉండుండ్రి," అంది ఆ పిల్ల. తర్వాత ఫోన్ దూరంగా పెట్టి అరిచిన అరుపు వినిపించింది: "అమ్మా! కాలేజి నుంచి అచ్చిందే ఫోన్!" ఇంట్లో ఎవరో నవ్వారు. మళ్లీ లైన్లోకి వచ్చి, రొప్పుతూ అడిగింది.

"డెమో ఎన్ని రోజులు చెప్పాలె మేడం?"

ఎదురుగా ప్రకాశ్ నా వంకే చూస్తున్నాడు. చూడకపోయినా నేను అదే చెప్పేదాన్నేమో.

"ఒక్క రోజే చెల్లె," అన్నాను.