పన్నెండో కుర్చీ

“ఆ కాగితం మీద సంతకం పెట్టేసి పప్పు తాళింపు వెయ్యి. స్కూలుకి టైమైపోద్ది.”

మా ఆయన తాతారావు ఏదైనా ఇంత తేలిగ్గానే చెబుతారు. సోమవారం ముంచంగిపుట్టు స్కూల్లో చేరమని నాకొచ్చిన హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ నాకే వద్దని రాసిచ్చే కాగితమది. ఇది మూడోసారి. మొదటిసారి అత్తగారికి పక్షవాతం, రెండోసారి అబ్బాయి పదో తరగతి. ఇప్పుడు అత్తగారు లేరు, అబ్బాయి కాకినాడ హాస్టల్లో ఉన్నాడు. ఇక మిగిలింది పొయ్యి. “నువ్వు ముంచంగిపుట్టు పోతే ఇక్కడ పొయ్యెవరు ఎలిగిస్తారే?” అన్నారు. చెయ్యి కాలుతుందని భయం కాబోలు, పాపం! సాయంత్రం చూద్దామని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని డుంబ్రిగుడ స్కూలుకి వెళ్లాను.

ఆ రోజు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి హెస్టియా కథ చెప్పాను. ఏటా చెబుతాను, నాకిష్టం. గ్రీకుల కొండ మీద పన్నెండు మంది దేవతలకి పన్నెండు బంగారు కుర్చీలు. అందరికన్నా పెద్దది హెస్టియా, పొయ్యి దేవత. కొత్తగా సారా దేవుడు డయోనిసస్ వచ్చాడు, అతనికి కుర్చీ లేదు. గొడవెందుకని ఆవిడ తన కుర్చీ ఇచ్చేసి పొయ్యి పక్కన కింద కూర్చుంది. ఎంత మంచిదో చూడండర్రా అని ముగించడం నా అలవాటు.

కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండగకి ఊరెళ్లి ఆ పొద్దునే వచ్చిన సోని లేచి నిలబడింది.

“ఆమె లేస్తంటే మిగతా పదకొండు మందిలో ఒక్కరైనా కూకోమన్లేదా టీచర్?”

లేదన్నాను. పుస్తకంలో అలా లేదు. పిల్ల కూర్చుంది గానీ బోర్డు వైపు తిరిగిన నాకు ఆ ప్రశ్నే వినిపిస్తోంది. రెండుసార్లు రాసిచ్చినప్పుడు నాకెవరు చెప్పారు, వద్దు రత్నా, నీ చోట నువ్వుండు అని? రత్న ఎంత సర్దుకుపోతుందో అని అత్తగారు పొగిడారు, ఆడపడుచులు పొగిడారు, స్టాఫ్‌రూమంతా పొగిడింది. పొగిడినవాళ్లందరూ కూర్చునే పొగిడారు. కడుపు మండిపోయింది నాకు, వాళ్ల మీద కన్నా నా మీదే ఎక్కువ. ఇన్నేళ్లూ ఈ పిల్లలకి నేను నేర్పింది లేచి నిలబడి చోటివ్వడమే కదా అనిపించింది.

సాయంత్రం ఆయన మండలాఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటూనే అడిగారు, సంతకం పెట్టావా అని. కాగితం చేతికిచ్చాను. సంతకం చోటు ఖాళీగా ఉంది.

“ఇదేటి?”

“వెనక చూడండి.”

తిప్పి చదివారు. నూనె కాగాక ఆవాలు, చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, ఆఖర్న కరివేపాకు.

“లేవండి,” అన్నాను. “సోమవారానికల్లా మీకు చెయ్యి తిరగాలి.”

ఆయన లేచారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.