కాశమ్మ గోచీ చీర

యూనివర్సిటీలో తోటపని కాంట్రాక్టు చేతిలో పడగానే కొత్త కంపెనీ అందరికీ ఆకుపచ్చ ప్యాంటూ చొక్కా ఇచ్చింది. నాకు పండగే. మా అత్త కాశమ్మకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి గోచీ పెట్టి చీర కట్టిన మనిషి. మొదటి రోజు ప్యాంటేసుకొచ్చి, కలుపు తీయడానికి వంగలేక, చెట్టు చాటున నిలబడే పొద్దు గడిపింది. మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు చేరగానే పని మానేస్తానంది.

మానేస్తే ఊరుకుంటానా? కోడలిగా వచ్చిన నన్నీ పనిలో పెట్టించిందే ఆమె. మర్నాడు చెయ్యి పట్టుకుని తార్నాకలోని కంపెనీ ఆఫీసుకు లాక్కెళ్లాను.

మేనేజరు కొండలరావు గారు కాకినాడ వైపు మనిషి. చీర కట్టనిస్తే గడ్డి కోసే మిషన్లో కుచ్చిళ్లు పడతాయని ఆయన భయం. ఆమె మిషన్ జోలికి పోదని, గోచీ పెడితే వేలాడే కుచ్చిళ్లే ఉండవని నేను గడగడా చెప్పాను. అత్త ఒక్క మాటే అంది.

"గా ప్యాంట్ల ఒంటి మీద బట్ట లేనట్టే ఉన్నది సారూ. పని ఇడిసిపెట్టబుద్ధి అయితలేదు."

ఆయన యూనిఫాం రంగులో చీర కంపెనీయే ఇస్తుందన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి చల్లగా ఉండాలనుకున్నాను.

తీరా వచ్చింది మామూలు పొడవు చీర. గోచీ పెట్టి కడితే కొంగు భుజం దాటలేదు. ఇచ్చినవాళ్లకు వంక పెట్టగూడదని అత్త నోరు మూసుకుంది. నాకంత ఓపిక లేదు. నేనే వెళ్లి చెప్పాను. ఆయన నాలుక కరుచుకుని, పొడుగు చీర తెప్పించారు.

అది కట్టిన రోజే, పని అయ్యాక తార్నాక పోదామంది అత్త. ఎందుకో చెప్పలేదు. గుమ్మంలో ఆమెను చూడగానే కొండలరావు గారి మొహం వాడిపోయింది.

"మళ్లీ పొడవు తగ్గిందా అమ్మా?" అన్నారు.

"మంచిగ సరిపోయింది సారూ. పెట్టిన చీర కట్టుకొని సూపియ్యాలె గదా. మా అన్న పోయినంక నాకు చీర పెట్టినోళ్లు లేరు."

అది యూనిఫాం. ఉద్యోగం మానితే తిరిగి ఇచ్చేయాల్సిన బట్ట. ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయాను. అత్త చేతులు జోడించి వంగబోయింది. కొండలరావు గారు గబుక్కున కుర్చీలోంచి లేచి, తానే వంగి ఆమె కాళ్లకు దండం పెట్టారు.

"ఉండక్కా, టీ తాగి వెళ్దువుగాని" అన్నారు.