తీగ తిరిగే వైపు

వైండింగ్ మేస్త్రికి తన కుడిచేతి మీద ఉన్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా కాలిపోయిన ఫ్యాన్లూ, మూగబోయిన పంపు మోటార్లూ విప్పి, మాడిన రాగి వైరు పీకి పారేసి, కొత్త వైరు చుట్టి బతికిస్తున్నాడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య వెంట్రుక దూరదు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడి తల వంచుకునే రకం కాదాయన. "నేను చుట్టింది ఊడిందంటే మీసం తీయించేసుకుంటా," అనేవాడు. మీసం మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

ఆ చేతికి వారసులు లేకపోవడం ఒక్కటే ఆయన బెంగ. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. స్క్రూడ్రైవర్ అందుకోరా అంటే పాముని పట్టుకోమన్నట్టు చూస్తాడు. ఆసక్తి ఉన్నది కోడలికి. పెళ్లయి వచ్చిన ఏడాదిలోపే "మామయ్యా, నాకు ఈ పని నేర్పించరా?" అని అడిగింది. ఆయన పొంగిపోయి, ఆ పూటే చుట్టే మిషన్ ముందు కూర్చోబెట్టాడు. కోడలు పిల్ల ఎడమచెయ్యి చాచి పిడి పట్టుకుంది. పిడి వెనక్కి తిరిగింది.

"అదేంటి, పుర్రచెయ్యా? కుడిచేత్తో తిప్పమ్మా."

పది రోజులు కుడిచేత్తో తిప్పింది. వైరు మెలికలు పడింది, తెగింది, చుట్ల లెక్క తప్పింది. పదకొండో రోజు మేస్త్రి మిషన్ మీద గుడ్డ కప్పేశాడు. "ఇది నీకు పట్టుబడే పని కాదులే. ఏమీ అనుకోకు," అన్నాడు.

ఆమె ఏమీ అనుకోలేదనే ఆయన అనుకున్నాడు. ఆమె మాత్రం చడీచప్పుడూ లేకుండా వెళ్లి మందుల షాపులో ఉద్యోగం మాట్లాడుకుని వచ్చింది. సోమవారం చేరాలి. ఆ మాట చెవిన పడగానే మేస్త్రి బెంగ రెట్టింపైంది. తన తర్వాత ఈ కొట్టుకి షట్టరు దించేయడమే అని తేలిపోయింది. అయినా మొహమాటానికి మోటారు తిరుగుతుందా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆ బెంగ మరిచిపోవడానికి పెరట్లో తీగ ఒకటి ఉంది. వంటింటి గోడ పడమటి ఎండకి పెనంలా కాలిపోతోందని భార్య గొడవపెడుతుంటే, "పూలతీగ పాకిస్తా చూడు, వేసవికల్లా గోడ కనపడదు," అని మాట ఇచ్చేశాడు. టేపు పెట్టి కొలిచి, జానెడు ఎడంలో తొమ్మిది మేకులు కొట్టి, తొమ్మిది తాళ్లు బిగించి, కింద శంఖుపుష్పం గింజలు నాటాడు. మొక్కలు మోకాలెత్తు అయ్యేదాకా అంతా సవ్యంగానే ఉంది.

అక్కణ్ణుంచి మొదలైంది పేచీ. రోజూ పొద్దున్నే కొట్టు తెరవకముందు చేతికందిన కొసల్ని తాళ్లకి చుట్టేవాడు, పైనుంచి చూస్తే గడియారం ముల్లు నడిచే వైపు, కాయిల్ చుట్టినంత శ్రద్ధగా. సాయంత్రానికి తొమ్మిదింట్లో ఎనిమిది విప్పుకుని నేలచూపులు చూస్తుండేవి.

"మోటారైతే నోరు మూసుకుని చుట్టించుకుంటుంది. దీనికి ప్రాణముందాయె," అంది భార్య, బియ్యం ఏరుకుంటూ.

"తాడు నున్నగా ఉంది. అదీ సంగతి."

నైలాన్ తాళ్లు తీసి నూలు తాళ్లు కట్టాడు. మళ్లీ విప్పుకున్నాయి. దారంతో ముడేశాడు. ముడి దగ్గర ఓ లేత కొస పుటుక్కున తెగింది. నా చేతి చుట్టు ఊడటమా అని ఆయన పళ్లు నూరుకున్నాడు. ఒక్కటే ఊరట: దండెం పక్కన మూలనున్న తొమ్మిదో తీగ గోడ సగం ఎక్కేసి, నీలం పూలు కూడా పూసింది. కొట్టుకి వచ్చిన వాళ్లని పెరట్లోకి లాక్కొచ్చి మరీ చూపించేవాడు. "నా చేతి పనే!"

శనివారం పొద్దున అలా ఒకాయనకి చూపించి పంపాక, భార్య ఉండబట్టలేక అడిగేసింది. "మీరు ఆ మూల తీగని ఎప్పుడు చుట్టారండీ? పొద్దున చుట్టేటప్పుడు దండెం అడ్డమని దాన్ని వదిలేస్తారు కదా."

మేస్త్రి దండెం వైపు తిరిగి చూశాడు. నిజమే, తను చుట్టలేదు. మరి చుట్టిందెవరు?

ఎక్కువసేపు ఎదురుచూడనక్కర్లేకపోయింది. కోడలు తడిబట్టల బకెట్‌తో పెరట్లోకి వచ్చింది. దుప్పటి ఆరేసి, క్లిప్పు పళ్ల మధ్య పట్టుకుని, చూపు దుప్పటి మీదే ఉంచి, ఎడమచేత్తో తీగ కొస అందుకుని తాడు చుట్టూ రెండు తిప్పులు తిప్పి వదిలేసింది. తిప్పింది ఆయన తిప్పే వైపు కాదు, దానికి ఎదురు వైపు.

ఆమె లోపలికి వెళ్లాక మేస్త్రి దగ్గరికి వెళ్లి, తొమ్మిదో తీగ వెంబడి కిందినుంచి పైదాకా వేలు పెట్టి చూసుకున్నాడు. ఆమె చెయ్యి పడింది అక్కడక్కడే. మిగతాదంతా తీగే ఎక్కింది, అదే వైపు తిరుగుతూ. ఆయన మిగతా తీగల కొసలన్నీ తీసుకుని ఆ వైపుకే చుట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు. పైగా అన్నీ ఇంకో అంగుళం సొంతంగా ఎక్కాయి.

గోడ ముందు నిలబడి ఆయన సిగ్గుతో చితికిపోయాడు. తీగ మొండిది కాదు, మొండివాణ్ణి నేనే అనుకున్నాడు. ఇంకా కుట్టిన సంగతి మరొకటి. "ఫ్యాను వెనక్కి తిరుగుతోంది మేస్త్రీ," అని వచ్చిన వాళ్లందరికీ రెండు కొసలు అటుదిటు మార్చి కలిపి, రెండు నిమిషాల్లో పంపేసిన మనిషి తను. కాయిల్ ఎటు చుట్టినా కరెంటుకి పట్టింపు లేదు. అన్నీ ఒకే వైపు చుట్టి, మొదలూ చివరా చూసి కలిపితే చాలు. ఇది తెలియక కాదు. నేర్పిన గురువు కుడిచేత్తో తిప్పమన్నాడు కాబట్టి కోడల్నీ తిప్పమన్నాడు, అంతే. అంత చిన్న విషయానికి బంగారం లాంటి చేతిని కాదనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే మిషన్ మీద గుడ్డ తీసి, పిడి ఊడదీసి, ఎడమవైపుకి బిగించాడు. కాలిపోయిన టేబుల్ ఫ్యాన్ ఒకటి బల్ల మీద పెట్టి కోడల్ని పిలిచాడు.

"కూర్చోమ్మా. నీ చేత్తోనే తిప్పు."

ఆమె పిడి వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. "నా చెయ్యి వెనక్కి తిరుగుతుంది కదా మామయ్యా?"

"తిరగనీ. కొసలు మార్చి కలుపుకుందాం. తప్పు నాది. నీ చేతిది కాదు."

ఆ కొట్టులో ఆ మాట వినపడటం అదే మొదటిసారి. కోడలు కూర్చుంది. పిడి గిర్రున తిరిగింది, వైరు సాఫీగా పరుచుకుంది, లెక్క తప్పలేదు. మధ్యాహ్నానికి కాయిల్స్ అన్నీ మోటారు గాడుల్లో కూర్చున్నాయి. మేస్త్రి అలవాటుగా కొసలు అందుకోబోయాడు.

"అవి కూడా నేనే కలుపుతా. ఏది ఎక్కడో చెప్పండి చాలు."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన చేసిన కష్టమైన పని అదే. స్విచ్ వేయగానే ఫ్యాను తిరగాల్సిన వైపే తిరిగి ఇద్దరి మొహాలకీ గాలి కొట్టింది. ఆయన కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

"మరి రేపు... మందుల షాపు?"

"రానని చెప్పేస్తా. కానీ ఒక షరతు. ఈ పిడి మళ్లీ కుడివైపుకి మార్చకూడదు."

"బాగుంది! మరి నేనెలా చుట్టాలి?"

"ఎడమచేత్తో. పది రోజులు."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి మీసం ఓసారి తడుముకుని, కోడలు లేచిన స్టూలు మీద కూర్చుని, ఎడమచెయ్యి చాచి పిడి పట్టుకున్నాడు. మూడో చుట్టుకే వైరు మెలిక పడింది. ఐదో చుట్టుకి తెగింది.

కోడలు వంగి తెగిన కొస వెతికి ఆయన చేతికి అందించింది.

"పట్టుబడుతుందిలెండి మామయ్యా," అంది. "ఏమీ అనుకోకండి."