మైకుకు జబ్బు చేసే వేళ

కాలేజీ వంటింటి తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి అక్క కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. భుజం మీది గుడ్డతో ముఖం ఒత్తుకుని, గోడకు చేరగిలబడి దగ్గింది.

"తమ్ముడూ, ఆ ఫ్యాను ఇంకెంతసేపు ఆపుతారు? పొగలో ఎవరెవరో తెలీట్లేదు. ఇందాక గరిటె అనుకుని పక్కదాని చెయ్యి పట్టి లాగాను."

మైకు మనిషి నవ్వబోయి మానుకున్నాడు. "ఉపన్యాసం అయ్యేదాకా అక్కా. చప్పుడు మైకులోకి వస్తుందని..."

"వస్తుందని ఎవరు చెప్పార్రా?"

అతను వైరు ముడి విప్పడంలో మునిగిపోయాడు. వైరుకు ముడేమీ లేదు.

చెప్పింది అతనే. వంటిల్లు హాలు గోడకు ఆనుకునే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పొగ లాగే ఫ్యాను మోత మైకులోకి వస్తోందని కార్యదర్శి చెవిన వేశాడు. కార్యదర్శి భుజం తట్టి, ఆ ఫ్యాను స్విచ్చిని ఏకంగా అతని బల్ల పక్కకే మార్పించాడు. అప్పటినుంచి ఉపన్యాసం ఉన్న రోజున ఫ్యాను ఆగాల్సిందే. వచ్చిన పెద్దలకు విందు మాత్రం అదే వేళకు ఉడకాల్సిందే.

ఆ కాలేజీలో ఉపన్యాసాలకు కరువు లేదు. నక్షత్రాల మీద చెప్పేవారు, నత్తల మీద చెప్పేవారు. ఒకాయన మౌనం గొప్పతనం గురించి మొదలుపెట్టి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా ఆపలేదట. చివరికి కుర్చీలే లేచి వెళ్ళిపోయాయని గేటు దగ్గరి వాచ్‌మన్ ఒట్టేసి చెబుతాడు. ఆ మౌనం పూర్తయ్యేదాకా వంటింట్లో ఆడవాళ్ళు పొగ మింగుతూనే ఉన్నారు. పోయినవారం వాళ్ళలో ఒకామె కళ్ళు తిరిగి పొయ్యి మీద పడింది. మోచెయ్యి కాలింది. పని మధ్యలో వెళ్ళిపోయిందని ఆ పూట కూలి కోశారు.

ఉపన్యాసం అయ్యాక ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. కాలేజీ గొప్పగా చెప్పుకునే ఆనవాయితీ అది. దాని చాటున ఇంకొకటి ఉంది. ప్రశ్న కాలేజీ మీదికి మళ్ళితే, ముందు వరుసలో కార్యదర్శి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. మైకు మనిషి తన బల్ల మీద ప్రశ్నల మైకు మీట దించుతాడు. ఆ మైకుకు పట్టినన్ని జబ్బులు లోకంలో ఏ ముసలాడికీ పట్టి ఉండవు. ఒకనాడు జలుబు, ఒకనాడు గొంతు పట్టేయడం. హాస్టల్ నీళ్ళ గురించి అడిగిన రోజున ఏకంగా స్పృహ తప్పింది. మర్నాటికి నిక్షేపంగా లేచి కూర్చుంది. అతనికి ముందున్న మైకు మనిషి ఒక్కసారి మీట దించడం మరిచిపోయాడు. మర్నాడు గేటు బయట నిలబడ్డాడు.

ఈవేళ వచ్చిన ప్రొఫెసర్ పాత నగరాల గురించి చెప్పాడు. ఇళ్ళు ఎటు తిప్పి కట్టారో, ప్రతి గదికీ గాలి ఎలా అందేదో బొమ్మలు చూపించాడు. మంచి మాటకారి. చప్పట్లు మోగాయి. "ఎవరైనా అడగవచ్చు" అన్నాడు కార్యదర్శి అలవాటుగా.

పక్క తలుపు తెరుచుకుంది. మసి చేతులు తుడుచుకుంటూ అక్క వచ్చి, ప్రశ్నల మైకు ముందు నిలబడింది. నోరు తెరవగానే దగ్గు ముంచుకొచ్చింది. ఆ దగ్గు హాలు నాలుగు మూలల నుంచీ మోగింది. ముందు వరుసలో ఎవరో చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

కార్యదర్శి కళ్ళద్దాలు తీశాడు.

మైకు మనిషి చెయ్యి మీట మీదే ఉంది. చిన్నప్పుడు వాగు నీళ్ళలో అతన్ని భుజాన ఎక్కించుకుని బడికి దాటించిన అక్క ఆమె.

"అయ్యా, గోడ వెనక నుంచి మీరు చెప్పిందంతా విన్నాను. ఆ కాలంలోనే ప్రతి గదికీ గాలి ఆడేలా కట్టారన్నారు, బాగుంది" అంది అక్క. "మీరు మాట్లాడినంతసేపూ మా వంటింట్లో ఫ్యాను ఆపేస్తారు. మాకు ఊపిరాడదు. అది ఆపాలని మొదట చెప్పిందెవరో కనుక్కుని చెప్తారా?"

ప్రొఫెసర్ కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి అద్దాలు తుడుస్తూ మైకు మనిషి వైపు చూశాడు. ఇంకా గట్టిగా తుడిచాడు. మీట దించితే ఉద్యోగం దక్కుతుంది. ఆ చెప్పిందెవరో అక్కకు ఎప్పటికీ తెలియదు.

అతను మీట మీది నుంచి చెయ్యి తీశాడు.

"నేనే అక్కా" అన్నాడు. అతని ముందు మైకు లేదు. వెనక వరుసల వాళ్ళకు వినపడలేదు. అక్కకు వినపడింది. ఆమె తల తిప్పి తమ్ముడి వైపు చూసింది.

అతను బల్ల పక్కకు వంగి, ఫ్యాను స్విచ్చి వేశాడు. గోడ వెనక ఫ్యాను ముక్కి, మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. మోత మైకులోకి వచ్చి హాలంతా నిండింది. కార్యదర్శి లేచి నిలబడి ఏదో అంటున్నాడు గానీ ఒక్క ముక్కా వినపడటం లేదు.

అక్క మళ్ళీ మైకు వైపు తిరిగి గొంతు పెంచింది.